నీటిపొడి

ఆయన్ని అందరూ ఎర్ర మేస్త్రి అనేవారు. మనిషి ఎర్రగా ఉండడు, కోపిష్ఠీ కాడు. నల్లగా, పొట్టిగా ఉండి, ఎదుటివాళ్ళు రెండడుగులు దగ్గరికి జరిగితే తప్ప వినపడనంత నెమ్మదిగా మాట్లాడే మనిషి. వెండి మీద ఎర్ర మీనా నిలబెడతాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. వెండి నగల మీద రంగులు కరిగించేవాళ్ళు ఆ వీధిలో ఇంకో అరడజను మంది ఉన్నారు. నీలం అందరి మాటా వింటుంది. ఆకుపచ్చ కాస్త బతిమాలించుకుని వింటుంది. ఎరుపు మాత్రం వెండికి పడదు. బట్టీలోకి ఎర్రగా వెళ్ళి, బురదరంగులోనో మాడిన పసుపులోనో బయటికొస్తుంది. మేస్త్రి ఎరుపు అలా కాదు, దానిమ్మగింజని వెలుతురుకు పట్టి చూసినట్టుంటుంది.

ఈ మాటలన్నీ నడిపి బుద్ధెరిగినప్పటి నుంచీ వింటూ పెరిగింది. మేస్త్రి ముగ్గురు పిల్లల్లో నడిమిది కనక నడిపి. అక్క పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. తమ్ముడికి ఇనుము తప్ప ఇంకే లోహమూ పట్టదు, బస్సుల షెడ్డులో మెకానిక్కుగా కుదిరాడు. తల్లి పోయాక ఆ ఇంట్లో మేస్త్రీ నడిపీ మిగిలారు. ముందుగది నిండా పనిబల్ల, వెనకగదిలో బట్టీ, ఆ పక్కన తాళం వేసిన ఒక అలమార.

వెండితీగని రెండు పేటలుగా పురిపెట్టి, చదును చేసి, పట్టకారుతో వంచి రేకులూ ఆకులూ కట్టడం నడిపికి పన్నెండో ఏట వచ్చింది. ఆ వంపుల్ని వెండిరేకు మీద నిలబెట్టి, వెలిగారం అద్ది, టంకం పొడి చల్లి అతికించడం పద్నాలుగో ఏట వచ్చింది. అలా ఏర్పడ్డ చిన్న చిన్న గళ్ళలో రంగు నింపాలి. రంగంటే గాజే. గాజుపెళ్ళల్ని కల్వంలో నీళ్ళు పోసి నూరాలి. పైకి తేలిన పాలలాంటి నీళ్ళు ఒంపేసి మళ్ళీ కడగాలి, నీళ్ళు నీళ్ళలా కనపడేదాకా కడుగుతూనే ఉండాలి. ఆ తడిపొడిని ఈకమొనతో గడిలోకి దింపి, గుడ్డకొసతో తడి పీల్చి, ఆరబెట్టి, బట్టీలో పెడితే రెండు నిమిషాల పని. పొడి ముందు నల్లబడుతుంది. తర్వాత బత్తాయితొక్కలా గరుకు తేలుతుంది. ఆ పైన ఉన్నట్టుండి అద్దంలా పరుచుకుంటుంది. ఆ ఉన్నట్టుండిని పట్టుకోవాలి. కాస్త ముందు తీస్తే గరుకుగానే మిగిలిపోతుంది, కాస్త ఆలస్యమైతే తీగ కూడా కరిగి నగంతా ముద్దవుతుంది.

నడిపి పట్టుకోగలదు. ఇరవయ్యో ఏడు వచ్చేసరికి ఆమె చేతిలో ముద్దయిన నగ లేదు.

నీలం, పచ్చ, పసుపు, తెలుపు అన్నీ ఆమెవే. ఇవి కాక రంగులేని గాజుపొడి ఒకటుండేది, ఆ ఇంట్లో దాన్ని నీటిపొడి అనేవారు. ఎరుపు పడాల్సిన నగ ఏదైనా వస్తే, ముందుగా ఆ గళ్ళలో నీటిపొడి రెండు పూతలు కాల్చి ఇమ్మనేవాడు మేస్త్రి. "గడి లోతు తగ్గుతుందమ్మా, ఎరుపు తక్కువ పడుతుంది" అనేవాడు. నడిపి కాల్చి ఇచ్చేది. ఆయన నగ పుచ్చుకుని వెనకగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకునేవాడు. గంటసేపు లోపల్నించి దగ్గు తప్ప ఇంకేం వినపడేది కాదు. తలుపు తీసేసరికి నగ ఎర్రగా మెరుస్తూ ఉండేది, అలమారకి తాళం పడి ఉండేది.

"నాన్నా, నాకెప్పుడు చెప్తావు?"

"చెయ్యి ఇంకా కుదురుకోవాలి. టైమొచ్చినప్పుడు నేనే చెప్తాగా."

ఆ ఎరుపులో బంగారం భస్మం కలుస్తుందని కొందరూ, ఏదో పువ్వురసం కలుస్తుందని కొందరూ అనేవాళ్ళు. మేస్త్రి అవుననేవాడు కాదు, కాదనేవాడూ కాదు. "మా నాన్న నా చెవిలో చెప్పాడు, నేను ఇంకో చెవిలో చెప్పి పోతాను" అని మాత్రం అనేవాడు. ఆ ఇంకో చెవి తనదేనని నడిపికి ఏనాడూ అనుమానం రాలేదు. తమ్ముడి చెవులు ఇంజన్ల మోతకి ఎప్పుడో అంకితమైపోయాయి కదా.

ఓపిక పట్టలేక రెండుసార్లు తనే ప్రయత్నించింది. ఆయన ఇంట్లో లేనప్పుడు, గాజుపెళ్ళలు అమ్మే దుకాణంలో పిసరంత ఎరుపు తెచ్చి, పనికిరాని రేకుముక్క మీద పెట్టి కాల్చింది. తుక్కురేకే కదా, నీటిపొడి ఎందుకనుకుంది. రెండుసార్లూ కుళ్ళిన ఆకురంగు వచ్చింది. రెండో ముక్క చెత్తలో దొరికితే మేస్త్రి తిట్టలేదు. దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి, జాలిగా నవ్వాడు. "చూశావా? తొందరపడితే ఇంతే. ఇది రంగులో లేదమ్మా, చేతిలో ఉంది." నడిపి సిగ్గుతో చచ్చిపోయింది. మళ్ళీ దాని జోలికి పోలేదు.

ఎదురుమేడ మీద ఒకావిడ పదిమందిని పెట్టుకుని ఇదే పని చేయించేది. వీధిలో అందరూ ఆమెని మేడమీదావిడ అనేవారు. ఆమె అద్దాలపెట్టెలో ఎర్ర రాళ్ళలాంటి మీనా జుంకాలు చూసి నడిపి ఒకసారి తండ్రితో చెప్పింది. "అది కాల్చింది కాదు, పైపూత. గోరుతో గీకితే పోతుంది" అన్నాడాయన. నడిపి వెళ్ళి గీకి చూడలేదు. నాన్న చెప్పాక గీకడమేమిటి!

ఆమెకి ఇరవయ్యారేళ్ళప్పుడు చెక్కుడాయన వచ్చాడు. నగల వెనకవైపు ఉలితో లతలు చెక్కే పనివాడు, నెలకోసారి పని పట్టుకెళ్ళి తెచ్చిచ్చేవాడు. కూర్చున్నంతసేపూ ఆమె చేతుల్నే చూసేవాడు, మొహం చూడ్డానికి ఆర్నెల్లు పట్టింది. ఒకరోజు మేస్త్రి గడియ పెట్టుకుని లోపలున్నప్పుడు, పట్టకారు బల్ల మీద పెట్టేసి అడిగాడు.

"వేరే ఊళ్ళో ఒక గది చూశాను. కిటికీ ఉత్తరం వైపు ఉంది, వెలుతురు రోజంతా ఒక్కలాగే ఉంటుంది. నువ్వొస్తే తీసుకుంటాను. రాకపోతే ఆ వెలుతురు నాకెందుకు?"

నడిపి తలెత్తలేదు. తీగ వంచుతూ, "నేను నేర్చుకోవాల్సింది ఇంకా ఉంది" అంది.

"ఏముంది? ఈ బల్ల మీద నీకు రానిదేముంది?"

"ఎరుపు."

అతను పకపకా నవ్వాడు. "ఎరుపు లేకపోతే బతకలేమా? నీలంతో బతుకుదాం."

ఆ రోజు సాయంత్రం తండ్రితో చెప్పింది. మేస్త్రి చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "నీ ఇష్టమమ్మా. నేను అడ్డం రాను. మంచి పనివాడే. కాకపోతే ఈ ఏడు నీకు ఎరుపు చెప్దామనుకుంటున్నాను. గడప దాటేదానికి చెప్పలేను కదా, మా నాన్నకిచ్చిన మాట ఒకటుంది. ఆలోచించుకో."

ఆలోచించుకుంది. ఒక్క ఏడాది ఆగమని చెక్కుడాయన్ని అడిగింది. ఆగాడు. ఆ ఏడు మేస్త్రికి కంట్లో నలతగా ఉంది. చెప్పడానికి కుదరలేదు. ఇంకో ఏడు ఆగమంది. దానికీ ఆగాడు. రెండో ఏడు చివర్న, చెక్కిన నగలన్నీ బల్ల మీద వరసగా పేర్చి, "నువ్వు ఆగుతున్నది ఎరుపు కోసం కాదేమో, చూసుకో" అని వెళ్ళిపోయాడు. తర్వాత ఎవరో చెప్పారు, ఆ ఉత్తరం కిటికీ గదే తీసుకున్నాడనీ, పెళ్ళాం పక్కన కూర్చుని నీలం నింపుతుందనీ. నడిపి విని, నూరుతున్న పొడిని ఇంకాసేపు నూరింది.

ఆ తర్వాత ఏళ్ళు గబగబా దొర్లిపోయాయి. మేస్త్రికి చెయ్యి వణకడం మొదలైంది. తీగా, టంకమూ, రంగులూ, సానా అన్నీ నడిపి మీదే పడ్డాయి. ఆయన మాత్రం ఎరుపు కోసం ఇంకా గడియ పెట్టుకునేవాడు. లోపల్నించి వచ్చిన నగల్లో ఎరుపు గళ్ళు దాటి తీగ మీదికి పొర్లి ఉండేది. నడిపి దాన్ని నీళ్ళలో సానరాయితో అరగదీసి, మళ్ళీ ఒకసారి కాల్చి అద్దంలా తీసుకొచ్చేది. నగ తీసుకునేవాళ్ళు "ఎర్ర మేస్త్రి చెయ్యంటే చెయ్యే" అని మెచ్చుకుంటే ఆయన నెమ్మదిగా తలూపేవాడు. ఆమె పక్కనే నిలబడి నగ పొట్లం కట్టేది.

ఆయనకి డెబ్బై ఎనిమిదో ఏట కడుపులో గడ్డ తేలింది. ఆపరేషన్ చెయ్యాలన్నారు. వయసు ఎక్కువ కాబట్టి గట్టిగా చెప్పలేమనీ అన్నారు. ఆపరేషన్ రోజు పొద్దున్న ఆసుపత్రిలో మేస్త్రి కొడుకుని ఒక్కణ్ణే గదిలోకి పిలిచి, నడిపిని బయటికి పొమ్మన్నాడు. తలుపు మూశారు. మూసిన తలుపు బయట నిలబడ్డం ఆమెకి కొత్తేం కాదు. కొడుకుతో చెప్పుకునే మాటలేవో ఉంటాయిలే అనుకుంది.

ఆయన్ని లోపలికి తీసుకెళ్ళాక నడిపీ తమ్ముడూ వరండాలో బల్ల మీద కూర్చున్నారు. తమ్ముడి గోళ్ళలో నల్లటి గ్రీజు. వాడి నోట్లో మాట ఆగదు, చిన్నప్పటి నుంచీ అంతే.

"అక్కా, ఒక సంగతుంది. నీకు చెప్పొద్దని నాన్న నా చేత ఒట్టేయించుకున్నాడు."

"ఒట్టేశాక చెప్పకూడదురా."

"చెప్పకపోతే మర్చిపోతా. సగం ఇప్పటికే మర్చిపోయా." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఆ ఎరుపు గురించి. అలమారలో ఒక డబ్బా ఉందంట. ఏదో ఫ్యాక్టరీది. నాన్న వయసులో ఉన్నప్పుడు ఎవడో సరుకు అమ్ముకునేవాడొస్తే వాడి దగ్గరున్నదంతా తీసేసుకున్నాడంట. మంచి ఎరుపంట. దాన్ని ఉత్త వెండి మీద వేస్తే మాడిపోతుందంట. కింద నీటిపొడి రెండు పూతలు పడితే మాడదంట. వేడి కాస్త ఎక్కువ పెట్టి గబుక్కున తీసెయ్యాలి. అంతే."

నడిపి వాడి మొహంలోకి చూసింది. "ఇంకా?"

"ఇంకేం లేదు. నేనూ అదే అడిగా, ఇంతేనా నాన్నా అని. కోప్పడ్డాడు."

"భస్మం?"

"భస్మమూ లేదు బూడిదా లేదు. డబ్బా."

"తాత చెవిలో చెప్పడం?"

"తాతకి ఎరుపు రానే రాదంటక్కా!" వాడికి నవ్వాగలేదు. "నేను చెప్తున్నా కదా, డబ్బా ఉంది, మూత తీసి వేసుకోవడమే."

ఎదురుగా గోడమీద గడియారం ఉంది. దాని ముల్లు కదలడం చూస్తూ కూర్చుంది. "నీటిపొడి వేసేది నేనే కదరా" అంది చివరికి.

"అవునా? మరింకేం, సగం నీకొచ్చేసినట్టేగా" అని, అలమార తాళంచెవి జేబులోంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఉంచు. నా దగ్గరుంటే ఏ బస్సులోనో పోతుంది."

ఆపరేషన్ బాగా జరిగింది. ఎర్ర మేస్త్రి చావలేదు.

ఆయనింకా ఆసుపత్రిలో ఉండగానే నడిపి ఇంటికొచ్చి అలమార తెరిచింది. రేకుడబ్బా. దాని మీద అచ్చేసిన కాగితం అంటించి ఉంది, కాగితం మీద ఫ్యాక్టరీ గుర్తూ, ఒక నంబరూ. లోపల వేలు లోతు పొడి. అలమారలో అది కాక ఒక పాత దినపత్రికా, దగ్గుమందు సీసా ఉన్నాయి, అంతే. ఆ పత్రిక మడతలు పడి, నలిగి ఉంది. గడియ పెట్టుకున్న ఆ గంటల్లో పావుగంట పనిచేసి మిగతాసేపు ఆయన ఏం చేసేవాడో ఆమెకి అర్థమైంది.

వెనకగది తలుపు బార్లా తెరిచిపెట్టి, ఒక పువ్వు కట్టింది. అయిదు రేకులు. నీటిపొడి రెండు పూతలు కాల్చింది. డబ్బాలోంచి పొడి తీసి, కడిగి, ఈకమొనతో నింపి, వేడి పెంచి బట్టీలో పెట్టింది. తీసింది. చల్లారేకొద్దీ నలుపు లోంచి ఎరుపు పైకి తేలింది, ఒక్కో రేకులోనూ నిండుగా, ఎక్కడా పొర్లకుండా. అంత మంచి ఎరుపు ఆ ఇంట్లోంచి ఇంతకు ముందు ఎప్పుడూ రాలేదు. ఆమె గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళి వాంతి చేసుకుంది.

పది రోజుల తర్వాత మేస్త్రి ఇంటికొచ్చాడు. ఆయన్ని మంచమ్మీద కూర్చోబెట్టి, దిండు సర్ది, మందుబిళ్ళా నీళ్ళూ ఇచ్చింది. ఆయన మింగాక, ఖాళీ అయిన అరచేతిలో ఆ పువ్వు పెట్టింది.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. కిటికీ వైపు తిప్పి, ముందూ వెనకా, అంచులూ చూశాడు. ఎవరు చెప్పారని అడగలేదు.

"ఈ రేకు కొసన పిసరు తక్కువ పడింది" అన్నాడు.

"నాన్నా."

"మిగతాది బాగుంది."

"ఇరవయ్యేళ్ళు నాన్నా. తలుపు బయట కూర్చోబెట్టావు. దేనికి? మూత తియ్యడానికా? నాకు చెప్పడానికి నోరెందుకు రాలేదు?"

మేస్త్రి పువ్వుని దుప్పటి మీద పెట్టాడు. గొంతు ఎప్పట్లాగే నెమ్మది. ఆమె దగ్గరికి వంగాల్సి వచ్చింది, అలవాటుగా వంగింది కూడా.

"చెప్తే ఉండేదానివా?"

ఆమె మళ్ళీ నిటారుగా నిలబడింది.

"నా చెయ్యి పోయి ఎన్నాళ్ళయిందో నాకంటే నీకే బాగా తెలుసు. బయట ఎవరికీ తెలియలేదు. ఎందుకు తెలియలేదు? నువ్వున్నావు. అతనితో వెళ్ళుంటే ఈ బల్ల ఏమయ్యేది, నేనేమయ్యేవాణ్ణి? నిన్ను కట్టేసి ఉంచలేదమ్మా. వెళ్తానంటే వెళ్ళమనే అన్నాను."

"వాడికి చెప్పావు."

"వాడికి చెప్తే ఏం పోతుంది? వాడు వాడలేడుగా."

ఈ మాట ఆయన ఏ కపటమూ లేకుండా చెప్పాడు, పనిలో ఒక మెలకువ చెప్పినట్టు. దాన్ని బట్టే నడిపికి తెలిసింది, దీని గురించి ఆయన ఒక్క రాత్రి కూడా నిద్ర పాడు చేసుకోలేదని. గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి కడిగి బోర్లించింది.

మర్నాడు పొద్దున డబ్బా చంకన పెట్టుకుని ఎదురుమేడ మెట్లెక్కింది. దాచిపెట్టిన గుట్టంతా వీధిలో పోసెయ్యాలని ఆమె కసి. ఇక ఎర్ర మేస్త్రి అనే పేరు ఎవరి నోటా వినపడకూడదు. మేడమీదావిడ లావుపాటి మనిషి, కుర్చీలోంచి లేవకుండా డబ్బా అందుకుని, మూత తీసి, వాసన చూసింది.

"అబ్బో, ఇది పాత సరుకు. ఈ ఫ్యాక్టరీ మూసేసి ఎన్నేళ్ళయిందో. ఇప్పుడింతకంటే మంచివొస్తున్నాయి."

"కింద నీటిపొడి వేస్తాం. రెండు పూతలు. అదీ గుట్టు" అంది నడిపి.

మేడమీదావిడ ఆమె వైపు వింతగా చూసింది. "గుట్టేమిటమ్మాయ్? మీ నాన్నకి ఆ పేరొచ్చిన రోజుల్లో ఎవరికీ తెలీదేమో గానీ, ఎన్నేళ్ళుగానో అందరూ అలాగే వేస్తారు. మా పిల్లలు చేరిన మొదటి నెల్లోనే నేర్చుకుంటారు." ఇంకాసేపు చూసింది. మొహంలో నవ్వు మెల్లగా చెదిరిపోయింది. "నీకు తెలీదా? మీ నాన్న తలుపేసుకుంటుంటే పెద్దాయన సరదాలే అనుకునేవాళ్ళం. నీకు తెలిసే ఉంటుందనుకున్నాం. మీ ఇంటి సంగతి, మేమెందుకు అడుగుతాం?"

వీధిలో అరడజను మందికి తెలుసు. వాళ్ళ దగ్గర పనికి చేరిన కొత్తవాళ్ళకీ తెలుసు. తెలియనిది తన ఒక్కదానికే. అద్దాలపెట్టెలో జుంకాలు వెలుతురులో మెరుస్తున్నాయి. నడిపి దగ్గరికి వెళ్ళి, ఒక జుంకా మీద గోరు పెట్టి గట్టిగా గీకింది. ఏమీ పోలేదు.

"మీ దగ్గర పనుందా?" అని అడిగింది.

"నీకు లేకపోవడమేమిటి? ఇరవయ్యేళ్ళ కిందట కూడా కబురు చేశానుగా, మీ నాన్న చేత. రానందన్నాడు."

ఈ కబురు కూడా ఆమెకి ఆనాడు చేరలేదు. ఎక్కడ కూర్చోమంటారని మాత్రం అడిగింది.

అలా నలభయ్యారో ఏట మేడ మీద పనికి కుదిరింది. దగ్గరి చూపు మందగించింది, భూతద్దం లేందే తీగ రెండుగా కనపడేది. తీగపని కుర్రవాళ్ళకిచ్చి, ఆమెకి బట్టీ అప్పగించారు. ఆ ఉన్నట్టుండిని పట్టుకోవడం ఆమెకి ఇంకా బాగానే వచ్చు. పొద్దున తండ్రికి వండిపెట్టి మెట్లెక్కేది, మధ్యాహ్నం దిగి వడ్డించి మళ్ళీ ఎక్కేది. ఇంట్లో ఇద్దరి మధ్యా మందుల మాటలూ, ఉప్పు సరిపోయిందా అనే మాటలూ తప్ప ఇంకేం ఉండేవి కావు. మేస్త్రి మాత్రం చూడ్డానికి వచ్చినవాళ్ళతో, "ఎదురుమేడ బట్టీ అంతా మా నడిపి చేతి మీదే నడుస్తోంది. నేను పెట్టిన పనే" అని చెప్పుకునేవాడు. ఆమె వంటింట్లోంచి వినేది. వచ్చి కాదనేది కాదు.

నాలుగేళ్ళు అలా గడిచాయి. ఒకరోజు పదకొండు గంటల వేళ తమ్ముడు మెట్లు రెండేసి ఎక్కుతూ పైకొచ్చాడు. గుమ్మం పట్టుకుని ఎగపోస్తూ నిలబడ్డాడు.

"అక్కా, నాన్న పోయాడే. చూసిపోదామని వచ్చా, మంచినీళ్ళు అడిగాడు, ఇచ్చేలోపే..."

పనిబల్లల దగ్గర చప్పుడు ఆగిపోయింది. నడిపి చేతిలో పొడుగు పట్టకారు ఉంది, బట్టీలో ఒక పతకం ఉంది, పక్కన పళ్ళెంలో ఇంకా నాలుగున్నాయి.

"నువ్వు పద. వస్తున్నాను."

"అక్కా..."

"వస్తున్నానన్నాను కదరా."

మేడమీదావిడ ఆ రోజు కుర్చీలోంచి లేచింది. "అయ్యో, వెళ్ళమ్మా. నేను చూసుకుంటాలే" అని పట్టకారు కోసం చెయ్యి చాపింది. నడిపి ఇవ్వలేదు. బట్టీ తలుపు వారగా తెరిచి, కళ్ళు చికిలించి లోపలికి చూసింది. పొడి ఇంకా గరుగ్గానే ఉంది. ఆగింది. అద్దంలా పరుచుకోగానే తీసి రాతిపలక మీద పెట్టింది. పళ్ళెంలోంచి రెండోది తీసుకుంది. తర్వాత మూడోది, నాలుగోది. అయిదూ కాల్చి, చల్లారేదాకా కూర్చుని, ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూసింది. అన్నీ బాగా వచ్చాయి. అప్పుడు బట్టీ ఆపేసి, చేతులు కడుక్కుని, మెట్లు దిగింది.